మేనేజరు ఎందుకు కరిచినట్టు?

పళ్ళ మాస్టారి ఇంట్లో పొద్దున ఏడున్నరకి ఎప్పుడూ నాలుగు చప్పుళ్ళు వినిపిస్తాయి. వంటింట్లో కెటిల్ ఈల, స్నానాలగదిలో కొడుకు కూనిరాగం, హాల్లో కోడలు పనిముట్ల సంచి సర్దుకుంటున్న గలగల, కింద ముందుగదిలో ఆయన సానపట్టే మోటారు రొద. ఆ బుధవారం వాటికి ఐదోది తోడైంది. అది ఆయన భార్య పెట్టిన కేక.

"కరిచింది! మళ్ళీ కరిచింది చూడండి!"

మాస్టారు మోటారు ఆపేసి, ప్లాస్టర్ పిండి అంటిన చేతులతోనే మెట్లెక్కారు. నిజానికి ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. ముప్ఫయ్యారేళ్ళుగా పళ్ళ డాక్టర్ల కోసం కట్టుడు పళ్ళు తయారుచేస్తున్నారు. డాక్టర్లు నోటి అచ్చులు పంపిస్తే, ఆయన మైనంతో నమూనా చేసి, పళ్ళు పేర్చి, చిగుళ్ళ రంగు వేసి సెట్టు పంపిస్తారు. ఆ వీధిలో నోరారా నవ్వే ముసలివాళ్ళలో సగంమంది ఆయన చలవ వల్లే నవ్వుతున్నారు. అందుకని వీధివాళ్ళే ముద్దుగా ఆ పేరు పెట్టారు.

వంటింట్లో ఆయన భార్య కుడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. బొటనవేలి కింద రెండు చిన్న గాట్లు, వాటిలో రెండు రక్తపు చుక్కలు. కిటికీ గట్టు మీద పిల్లి తోక రెండింతలు చేసుకుని కూర్చుని ఉంది. నల్లటి ఒళ్ళు, మెడ కింద ఇస్త్రీ చొక్కాలాంటి తెల్లటి మచ్చ. ఎవరు ఏ పని చేస్తున్నా ఎదురుగా కూర్చుని పర్యవేక్షిస్తుంది కాబట్టి దానికి మేనేజరని పేరు. ఏడాదిన్నర కిందట పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పుడు కోడలు రెండు పెట్టెలతో పాటు దాన్నీ తెచ్చుకుంది.

"నేనేం చేశానని? బుగ్గ మీద ఇలా నిమిరాను, అంతే!" అంది ఆవిడ. "తిండి పెట్టే చేతినే కరిస్తే ఇంకేమనాలి? ఛార్జరు తీగలు రెండు కొరికేసింది. నా చెప్పు పట్టీ నమిలేసింది. మీ మైనం రేకులు ఎన్ని పోయాయో లెక్కే లేదు. ఇప్పుడు నా చెయ్యి దొరికింది."

కోడలు పరుగున వచ్చింది. ఆ అమ్మాయి పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తుంది. ఎనిమిదింటికల్లా పనిలో ఉండాలి. "అత్తయ్యా, చెయ్యి ఇటివ్వండి. సబ్బుతో బాగా కడిగి మందు రాద్దాం. పిల్లి కాటు తేలిగ్గా తీసుకోకూడదు."

"నువ్వేం ముట్టుకోనక్కర్లేదు. నీ పిల్లికి నీ పోలికలే వచ్చాయి."

"నా పోలికలేంటత్తయ్యా?"

"పలకరిస్తే చాలు, మూతి ముడుచుకోవడం."

కొడుకు తువ్వాలు మెడలో వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ వైపు చూశాడు, భార్య వైపు చూశాడు, మళ్ళీ స్నానాలగదిలోకి వెళ్ళిపోయాడు. హైస్కూల్లో భూగోళం చెబుతాడు కానీ ఇంట్లో ఏ దిక్కూ తేల్చడు. అసలు పిల్లి కిటికీ మీద ఉంటే, గోడమీద పిల్లి మాత్రం వాడేనని మాస్టారు మనసులో విసుక్కున్నారు.

"ఒక్క మాట చెప్తున్నా వినండి అందరూ," అంది ఆవిడ కుళాయి కింద చెయ్యి పెట్టుకుని. "ఆదివారం వరకు చూస్తాను. ఆ తరవాత ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

కోడలు గొంతు పెంచలేదు. "సరే అత్తయ్యా," అని సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. గట్టిగా ఎదురు చెప్పినా మాస్టారు అంత కంగారు పడేవారు కాదు. ఆ "సరే" విన్నాక ఆ పూట ఆయనకి పని మీద చెయ్యి సాగలేదు.

సాయంత్రం కొడుకు బడి నుంచి కాగితాల కట్ట పట్టుకొచ్చాడు. పిల్లులు ఎందుకు కరుస్తాయి, ఎందుకు కొరుకుతాయి అని ఎక్కడెక్కడో వెతికి అచ్చు వేయించుకొచ్చాడు. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి క్లాసు మొదలుపెట్టాడు.

"మొదటిది, ఆట. చేతివేళ్ళతో ఆడిస్తే అది వేళ్ళనే ఎలకపిల్లలు అనుకుంటుందట."

"రోజూ వేళ్ళు ఆడించేదెవరు? నువ్వే కదా," అంది కోడలు.

"రెండోది," అన్నాడు వాడు గబగబా. "ఎక్కువసేపు నిమిరితే విసుగొస్తుంది. ముందే చెప్తుంది కూడా. తోక కొస కొట్టుకుంటుంది, చెవులు వెనక్కి వాలుస్తుంది, వీపు మీద చర్మం జలదరిస్తుంది. అప్పుడే చెయ్యి తీసెయ్యాలి. మనం తియ్యం. అందుకని కరుస్తుంది."

"బాగుంది. ఇకనుంచి మనం దాని తోక చూసుకుని బతకాలన్నమాట," అంది వాళ్ళమ్మ. అని లేచి వెళ్ళిపోయింది.

మూడోది తోచుబడి కాకపోవడం. పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటే తీగలూ పట్టీలూ కొరుకుతుందట. మాస్టారు నవ్వబోయి మానేశారు. పగలంతా ఇంట్లో ఆవిడ ఉంటుంది కదా! అయినా ఇల్లు నిలబడాలంటే ఏదో ఒకటి చెయ్యాలి. మర్నాడే కోడలు తీగలన్నిటికీ సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు తొడిగింది. కొడుకు కర్రకి ఈక కట్టి పావుగంట దాన్ని గెంతించాడు. చేతులతో ఆడించడం అందరూ మానేశారు. నమలడానికి రబ్బరు బొమ్మ ఒకటి తెచ్చి పడేశారు. మేనేజరు ఆ బొమ్మని రెండుసార్లు నోట కరిచి, తల విదిలించి, దూరంగా పోయి కూర్చుంది.

గురువారం అంతా బాగానే గడిచింది. శుక్రవారం పొద్దున మాస్టారు మెట్ల దగ్గర కోడలికి ఎదురయ్యారు. ఆ అమ్మాయి గడ్డం మీద చిన్న ప్లాస్టరు పట్టీ అంటించుకుని ఉంది.

"ఏమైందమ్మా?"

"లిఫ్టు తలుపు తగిలింది మామయ్యా."

"ఇంకా పనికే వెళ్ళలేదు కదా తల్లీ!"

ఆ అమ్మాయి కళ్ళు దించుకుంది. "ముద్దు పెట్టుకోబోయాను. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ నన్ను కరవలేదు మామయ్యా. అత్తయ్యకి చెప్పకండి."

ఆయన చెప్పలేదు. కానీ ఆ ఇంట్లో ఏ మాటా ఎక్కువసేపు దాగదు. ఆ సాయంత్రమే భోజనాల దగ్గర బయటపడింది. ఆవిడ కోడలి గడ్డం చూసి, సూపు గిన్నె ఠక్కున బల్ల మీద పెట్టింది.

"పెంచిన దాన్నే కరిచిందన్నమాట. ఇంకా వెనకేసుకొస్తావా? నీ లిఫ్టుల గోడౌనులో ఎవరో పిల్లి కావాలన్నారన్నావుగా. ఆదివారం ఇచ్చేసిరా."

"ఇవ్వలేనత్తయ్యా," అంది కోడలు. చెంచా కింద పెట్టింది. "మా అమ్మ పోయాక ఆరేళ్ళు ఒక్క గదిలో ఉన్నాను. పని నుంచి వచ్చి తలుపు తీస్తే ఎదురొచ్చే ప్రాణి అదొక్కటే. దాన్ని గోడౌనులో వదిలి నేను ఇక్కడ నిద్రపోలేను. అందుకని మేమే వెళ్తాం. నా పని దగ్గర రెండు గదుల ఇల్లు చూశాం. ఆయన రేపు తాళాలు తెస్తానన్నారు."

మాస్టారు కొడుకు వైపు చూశారు. వాడు తన ప్లేటులోకి చూసుకున్నాడు.

"అంటే నాకంటే ఆ పిల్లే ఎక్కువైపోయిందా?" అంది ఆవిడ.

"పిల్లి వంక మాత్రమే అత్తయ్యా." ఇంతవరకూ నిబ్బరంగా ఉన్న ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను వచ్చిన మొదటి ఏడాది మీరెలా ఉండేవారు? పని నుంచి వస్తే చేతులకి అంటిన గ్రీజు మీరే కడిగేవారు. నా పక్కనే కూర్చుని తినేవారు. లిఫ్టులో ఇరుక్కుపోయిన వాళ్ళ కబుర్లు అడిగి అడిగి చెప్పించుకుని నవ్వేవారు. ఇప్పుడు ఐదు నెలల నుంచి నేను నోరు తెరిస్తే కసురుతున్నారు. అందరం తిన్నాక ఒక్కరే ఎప్పుడో తింటారు. నా ముందు నవ్వడం కూడా మానేశారు. నేనేం తప్పు చేశానో చెప్పండి, దిద్దుకుంటాను. చెప్పకుండా రోజూ ఇలా ఉంటే నేను తట్టుకోలేను."

ఆవిడ ఏదో అనబోయింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మాస్టారి పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. భార్యని ఒక్క మాట అనలేరు, కోడల్ని ఆపలేరు. గిన్నెలు తీస్తున్నప్పుడు కొడుకుని మాత్రం నెమ్మదిగా అడిగారు. "నువ్వైనా మీ అమ్మకి నచ్చజెప్పచ్చు కదరా?"

"పిల్లి మెడలో గంట ఎవరు కడతారు నాన్నా?" అన్నాడు వాడు. ఏడుపూ నవ్వూ కాని ముఖంతో.

శనివారం పొద్దున కొడుకు తాళాల కోసం వెళ్ళాడు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా సంచి తీసుకుని బజారుకి వెళ్ళింది. మేడమీద కోడలు అట్టపెట్టెలకి టేపు అంటిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ టేపు బర్రుమన్నప్పుడల్లా మాస్టారి ప్రాణం ఉసూరుమంటోంది. పెళ్ళయి వెళ్ళిపోయే కూతుళ్ళు ఆయనకి లేరు. వచ్చిన కూతురే వెళ్ళిపోతోందని బాధ.

మేనేజరు మెల్లగా మెట్లు దిగి వచ్చి, ఆయన పక్కనున్న స్టూలు ఎక్కింది. రోజూ లాగే పని చూడ్డానికి కూర్చుంది.

"చూశావా నీ నిర్వాకం?" అన్నారాయన. "నీకేమో చెలగాటం, మాకేమో ప్రాణసంకటం."

అది ఆయన వైపు చూసి కళ్ళు సగం మూసింది. పొద్దుట్నుంచీ దానికి ఎవరూ తిండి పెట్టలేదని ఆయనకి గుర్తొచ్చింది. డబ్బాలోంచి దాని గట్టి పలుకులు గుప్పెడు తీసి, కడిగిన ప్లాస్టరు గిన్నెలో పోసి స్టూలు మీద పెట్టారు. పెట్టి, అలవాటు కొద్దీ చేతులు కట్టుకుని దాని దవడ వైపు చూశారు.

అలవాటు అంటే ఏమిటంటే, పళ్ళ సెట్టు సరిగా కుదరలేదని ఎవరైనా వస్తే ఆయన ఎక్కడ నొప్పి అని అడగరు. ఒక గట్టి బిస్కెట్ చేతికిచ్చి, తినమని, చూస్తూ కూర్చుంటారు. నోరు మొహమాటపడుతుంది, దవడకి మొహమాటం లేదు అంటారు. మనిషి తనకి తెలియకుండానే నొప్పి లేని వైపుకి తల వంచి ఆ వైపే నములుతాడు. ముప్ఫయ్యారేళ్ళలో ఆ బిస్కెట్ పరీక్ష తప్పింది లేదు.

మేనేజరు ఒక పలుకు నోట్లో వేసుకుంది. తల కుడివైపుకి వంచింది. నాలుకతో పలుకుని కుడివైపుకే తోసింది. రెండుసార్లు కొరికింది, పలుకు జారి ఎడమవైపుకి వచ్చింది. అంతే, నోరు తెరిచి దాన్ని కింద పడేసి, గిన్నె తనని కొట్టినట్టు వెనక్కి గెంతి, బుస్సుమంది. ముందుకాలితో మూతి ఎడమవైపు రుద్దుకుంది.

మాస్టారు లేచి నిలబడ్డారు.

"తల్లీ! ఒక్కసారి కిందికి రా! పరుగున రా!"

కోడలు టేపు చేతికి అంటుకుని ఉండగానే దిగి వచ్చింది. "ఏమైంది మామయ్యా?"

"దాన్ని తువ్వాల్లో చుట్టి గట్టిగా పట్టుకో. నోరు చూడాలి."

"కరుస్తుంది మామయ్యా!"

"కరవనీ."

ఆ అమ్మాయి ఒళ్ళో పెట్టుకుని పట్టుకుంది. ఆయన దీపం దగ్గరికి లాగి, చిటికెనవేలితో ఎడమవైపు పెదవి పైకెత్తారు. మేనేజరు ఆయన బొటనవేలిని కసుక్కున కరిచింది. కానీ ఆయన చూడాల్సింది చూసేశారు. కింది దవడలో, వెనక పన్ను చుట్టూ చిగురు ఎర్రగా వాచి, పంటి మొదలు మీదికి పాకి ఉంది. పన్ను సగం తినేసినట్టు ఉంది.

రక్తం కారుతున్న వేలు పైకెత్తి మాస్టారు నవ్వడం మొదలుపెట్టారు. కోడలికి భయం వేసింది.

"నొప్పమ్మా! దీనికి నొప్పి! పొగరూ కాదు, తోచుబడి కాకపోవడమూ కాదు. పంటి నొప్పి!" ఆ నవ్వు మధ్యలోనే ఆయన నుదురు కొట్టుకున్నారు. "ఊరందరి పళ్ళూ చూస్తాను, పక్కనే స్టూలు మీద కూర్చున్న దాని పళ్ళు చూడలేకపోయాను. దీపం కింద చీకటంటే ఇదే."

ఆయన వేలు కడిగి కట్టు కట్టి, ఇద్దరూ దాన్ని బుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు. డాక్టరమ్మ చూసి తల ఊపింది. మత్తిచ్చి రెండు పళ్ళు తీసేసింది. మాస్టారి వేలు కూడా చూసి, మనుషుల డాక్టరుకి చూపించుకోమని గట్టిగా చెప్పింది.

"పిల్లులకి ఇది మామూలేనండి. పన్ను మొదలు నుంచి కరిగిపోతుంది. బాగా నొప్పి ఉంటుంది. కానీ అవి మూలగవు, తిండి మానవు. పైకి తెలియనివ్వవు. నొప్పి తట్టుకోలేక ఏ తీగో, రబ్బరో, మైనమో కొరుకుతుంటాయి కొన్ని. బుగ్గ మీద చెయ్యేస్తే కరుస్తాయి. ఇంట్లోవాళ్ళేమో కోపం ఎక్కువైంది అనుకుంటారు." తీసిన పన్ను చూపిస్తూ అడిగింది. "మీకెలా తెలిసింది? మీరేం చేస్తుంటారు?"

"కట్టుడు పళ్ళు," అన్నారు మాస్టారు తల వంచుకుని.

డాక్టరమ్మ నవ్వింది. కోడలూ నవ్వింది. నాలుగు రోజుల తరవాత ఆ అమ్మాయి నవ్వడం ఆయన అప్పుడే చూశారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కొడుకు కొత్త ఇంటి తాళాలు బల్ల మీద పెట్టుకుని, వాటిని ముట్టుకోకుండా కూర్చుని ఉన్నాడు. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. కోడలు బుట్ట నేలమీద పెట్టి మూత తీసింది. మత్తు వదలని మేనేజరు నాలుక కొస బయటపెట్టి, తల ఎత్తలేక చూసింది.

కోడలు జరిగిందంతా చెప్పింది. వింటూ వింటూ ఆవిడ బుట్ట పక్కన నేలమీద కూర్చుండిపోయింది.

"ఇంత నొప్పి పెట్టుకుని ఒక్క కూతైనా కూయలేదే!"

"కూయవట అత్తయ్యా. తిండి మానవట. మెత్తటివి ఏరుకుని తింటాయట. ఒకవైపే నములుతాయట. ఎవరైనా దగ్గరికి తీసుకోబోతే కరిచేస్తాయట. మనమేమో మనల్ని చూస్తే దానికి పడదనుకుంటాం."

ఆవిడ పిల్లి వీపు మీద చెయ్యి వేసి, బుగ్గ ముట్టుకోకుండా, చాలాసేపు అలాగే ఉంచింది. తరవాత లేచి, "రండి, ముందు అందరూ తినండి. పొద్దుట్నుంచీ ఎవరూ తినలేదు," అంది. చెప్పడమే కాదు, తను కూడా ప్లేటు పెట్టుకుని వాళ్ళతో కూర్చుంది. ఐదు నెలల్లో అదే మొదటిసారి. కోడలు అది గమనించి, తాళాలు బల్ల అంచుకి జరిపింది.

మాస్టారికి ప్రాణం తేలిక పడింది. ఆకలి కూడా తెలిసింది. రొట్టె తుంచుతూ యథాలాపంగా ఎదురుగా ఉన్న భార్య వైపు చూశారు. ఆవిడ రొట్టె ముక్కని సూపులో బాగా నానబెట్టి నోట్లో పెట్టుకుంది. తల కొంచెం కుడివైపుకి వంచింది. మెల్లగా, ఆ వైపే నమిలింది.

ఆయన చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. ఆవిడ ఇంకో ముక్క తీసుకుంది. మళ్ళీ కుడివైపే.

ఆవిడ నోట్లో ఉన్న కట్టుడు పళ్ళ సెట్టు ఐదు నెలల కిందట చేసింది ఆయనే. ఇరవయ్యేళ్ళప్పటి ఆవిడ ఫోటో ఎదురుగా పెట్టుకుని, రెండు నెలలు ఒక్కొక్క పన్నూ ఆ నవ్వుకి సరిపోయేలా చెక్కారు. అమర్చిన డాక్టరు స్నేహితుడు, "కింద ఎడమవైపు ఒక్క పిసరు ఎత్తుగా ఉంది, తగ్గించరా," అంటే, "ఫోటోలో ఇలాగే ఉంది, నువ్వు వేలు పెట్టకు," అన్నారు. వచ్చినవాళ్ళందరికీ భార్యని నవ్వమని చెప్పి మరీ చూపించారు. తన జన్మలో చేసిన సెట్లలో ఇదే మేలైనదని పదిమందిలో చెప్పుకున్నారు.

"ఎన్నాళ్ళ నుంచే?" అన్నారు.

"ఏంటండీ?"

"ఎడమవైపు. ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

ఆవిడ ముఖం తెల్లబోయింది. నోరు చేత్తో మూసుకుంది. కోడలు ఒకసారి మామయ్యని, ఒకసారి అత్తయ్యని చూసి, నెమ్మదిగా ఆవిడ చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఈసారి ఆవిడ వద్దనలేదు.

"మొదట్నుంచీ," అంది. ఆ ఒక్క మాటతో కట్ట తెగినట్టు ఏడ్చేసింది. "మొదటి రోజు నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. మీరు లేనప్పుడు తీసి పక్కన పెట్టుకుంటాను. మీ అడుగుల చప్పుడు వినగానే పెట్టుకుంటాను. చిగుళ్ళు పుండు పడ్డాయి. నవ్వితే గుచ్చుకుంటుంది, మాట్లాడితే గుచ్చుకుంటుంది. ఈ పిల్ల లిఫ్టు కబుర్లు చెప్తే నవ్వాల్సి వస్తుందని చెప్పొద్దని కసిరేదాన్ని. కలిసి తింటే కనిపెట్టేస్తారని పక్కకి పోయేదాన్ని."

"నాతో చెప్పాలి కదే! నేను చేసేదే ఆ పని కదా!"

"అందుకే చెప్పలేదు. అద్దంలో చూపించిన రోజు మీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత మురిసిపోతున్న మనిషితో, బాలేదని ఎలా చెప్పను?"

"నేను ఒక్కసారైనా అడగలేదా?"

"అడిగారు. రోజూ అడిగారు. 'ఎంత బాగుందో కదా' అని అడిగారు."

ఎవరి నోట్లో ఏ పన్ను కుదరలేదో గుమ్మంలోంచే చెప్పగలనని మాస్టారికి గర్వం. ఆ గర్వమే ఎదురుగా ఉన్న మనిషి నోరు నొక్కేసింది. చేతిలో రొట్టె పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచినకొద్దీ కళ్ళే తడిగా ఉన్నాయి, అద్దాలు కాదు.

కోడలు అత్తయ్య భుజం చుట్టూ చెయ్యి వేసింది. "అయితే అత్తయ్యా, ఇదంతా నా మీద కోపం కాదా?"

ఆవిడ ముక్కు తుడుచుకుని ఆలోచించింది. "నీ మీద కోపం ఎందుకే పిచ్చిదానా? అలాగని అంతా పంటి మీదకి నెట్టేసి తప్పించుకోను. అందులో కొంత నా నోటి దురుసు కూడా ఉంది. అది ఏ డాక్టరూ పీకలేడు. నువ్వు నన్ను ఒక్క మాటా అనకుండా పెట్టెలు సర్దుకున్నావు చూడు, దానికి మాత్రం నాకు నిజంగానే కోపం వచ్చింది. నన్ను వదిలి వెళ్ళకమ్మా."

"వెళ్ళనత్తయ్యా," అంది ఆ అమ్మాయి. ఆవిడ భుజం మీద తల పెట్టేసింది.

"మరి నేను సామాన్ల బండి చెప్పేశానే!" అన్నాడు కొడుకు. అందరూ ఒక్కసారిగా వాడి వైపు తిరిగారు. "సరే సరే, వద్దని ఫోన్ చేస్తాను," అని తాళాలు తీసుకుని లేచాడు. జన్మలో ఒక్కసారైనా ఒక పక్కకి తేలినందుకు మాస్టారికి సంతోషం వేసింది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే భార్యని కిందికి తీసుకెళ్ళి తన కుర్చీలో కూర్చోబెట్టారు. సెట్టు తీయించి, వేడినీళ్ళలో కడిగి, ఎత్తుగా ఉన్నచోట కొంచెం కొంచెంగా అరగదీశారు. ఫోటోలో నవ్వు కొద్దిగా మారుతుందని తెలుసు. మారనీ అనుకున్నారు. కోడలు టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది. అరగదీసింది నోట్లో పెట్టి, ఆయన అడిగారు.

"ఇప్పుడెలా ఉంది?"

"బాగుందండీ," అంది ఆవిడ వెంటనే.

కోడలు గుమ్మంలోంచి దగ్గింది. ఆవిడ అటు చూసింది, ఇటు చూసింది. సిగ్గుపడుతూ తల అడ్డంగా ఊపింది.

"లేదు. బాలేదు. ఇంకా గుచ్చుకుంటోంది."

"ఎక్కడ?"

"కింద ఎడమవైపు చివర. పైన కూడా, కుడి పక్క. ముందుపళ్ళు నాలుకకి అడ్డం వస్తున్నాయి. రాత్రిళ్ళు దవడ లాగుతుంది." ఆగి, భయంగా భర్త ముఖంలోకి చూసింది. "ఇంకా ఉన్నాయి. చెప్పనా?"

మాస్టారు స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.

"చెప్పు," అన్నారు. "అన్నీ చెప్పు."